మా దాసు వాయించిన పందొమ్మిది నిమిషాలు

మా తమ్ముడు జ్ఞానదాసు పదిహేడేళ్ళపాటు స్కాండినేవియా వాడిగా చలామణీ అయ్యాడు. నవ్వకండి, పోస్టర్ల మీద అలాగే ఉండేది: "స్కాండినేవియన్ ఫ్రీ జాజ్ ట్రయో" అని. కింద ఫోటోలో ముగ్గురు. నార్వే నుంచి వచ్చిన ఆర్నె, తాటిచెట్టంత పొడుగు, చేతిలో శాక్సఫోన్. స్వీడన్ నుంచి వచ్చిన స్వెన్, తనకంటే ఎత్తున్న బేస్ వయొలిన్ పట్టుకుని. మూడోవాడు మావాడు. డ్రమ్స్ వెనకాల, అచ్చం మా అమ్మ రంగు, మా అమ్మ ముక్కు. ఒకసారి ఎవరో కివీ ఆవిడ, అంటే ఈ న్యూజిలాండ్ మనిషే, దగ్గరికొచ్చి "మీది డెన్మార్క్‌లో ఏ ఊరు?" అని అడిగిందట. వీడు "తణుకు పక్కన" అన్నాడట. ఆవిడ ఆ ఊరు బాగా తెలిసినట్టే తల ఊపిందట.

నేను వాడి అక్కని, జ్ఞానమణిని. ఆక్లండ్‌లో పాతికేళ్ళు నర్సుగా చేసి రిటైరయ్యాను. నా నోరు మంచిది కాదని మా చర్చి సంఘంలో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. వాడి గురించి రాయడానికి నాకున్నంత తక్కువ హక్కు ఇంకెవరికీ లేదు. కానీ వాడు రాసుకోడు, వాడి పెళ్ళాం లవ్లీకి డ్యూటీలతోనే సరిపోతుంది, వాడి కొడుకు ఆల్విన్‌కి తెలుగు అర్థమవుతుంది కానీ అక్షరం రాదు. ఇక మిగిలింది నేనే.

మా నాన్న సువార్తికుడు. సాయంత్రాలు సైకిల్ మీద ఊళ్ళు తిరిగి ఇళ్ళల్లో కూటాలు పెట్టేవాడు. వెనకాల క్యారేజీ మీద దాసు, వాడి ఒళ్ళో డోలక్. నాన్నకి గొంతు ఉంది కానీ తాళం లేదు. పల్లవి ఒక నడకలో ఎత్తుకునేవాడు, చరణం ఇంకో నడకలో, భక్తి ఎక్కువైతే మధ్యలో పరుగు. ఏడేళ్ళ పిల్లాడు నాన్న నోటివంకే చూస్తూ ఆయన ఎటు పోతే అటు పోయేవాడు. ఇంకో సంగతి కూడా నాన్న నేర్పాడు. పాట ఆగి ప్రార్థన మొదలయ్యిందంటే చెయ్యి డోలక్ చర్మం మీద ఉండకూడదు. ఎవరో ఒకరు "స్తోత్రం" అంటారు, ఆ మాట వినపడగానే రెండు చేతులూ డోలక్ మీంచి లేచి జోడించుకోవాలి. మరిచిపోతే కీర్తనల పుస్తకంతో వేళ్ళ మీద ఒక్కటిచ్చేవాడు. రెండు మూడు దెబ్బల తర్వాత దాసు ఎప్పుడూ మరిచిపోలేదు.

2004లో నేనే వాళ్ళని ఇక్కడికి రప్పించాను. ఆక్లండ్ శివారు పాపటోయిటోయిలో ఒక ఇల్లు అద్దెకి తీసుకున్నారు. లవ్లీ వృద్ధాశ్రమంలో కేర్‌గివర్‌గా చేరింది. దాసు ఎయిర్‌పోర్ట్ పక్కన గోడౌన్‌లో సరుకు దింపే పనికి. మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు పని మధ్య టీ బ్రేక్‌లో, ఇక్కడ దాన్ని స్మోకో అంటారు, ఖాళీ అట్టపెట్టెల మీద వేళ్ళతో ఏదో వాయించుకుంటున్నాడట. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే స్వెన్ బండి ఆపి, దిగి, బ్రేక్ అయ్యేదాకా నిలబడి విన్నాడట. వాళ్ళ ముగ్గురిలో డ్రమ్స్ వాయించే డెన్మార్క్ వాడు ఆ నెలే సామాను సర్దుకుని వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. వాళ్ళు 1998 నుంచి కలిసి వాయిస్తున్నారు. అలా డెన్మార్క్ వాడి స్టూలు మీద తణుకు వాడు కూర్చున్నాడు. పోస్టర్ల మీద ఫోటో మార్చారు కానీ పేరు మార్చడానికి ఎవరికీ ఓపిక లేదు.

మొదటిసారి నేను చూడ్డానికి వెళ్ళింది మనురేవాలో ఆర్నె గ్యారేజీకి. ప్రతి గురువారం సాయంత్రం వాళ్ళు అక్కడ కలిసేవాళ్ళు. ఆర్నె పడవలు బాగుచేసే మనిషి, గ్యారేజీ అంతా పడవలకి పూసే రెసిన్ జిగురు వాసన. వాయించడం మొదలుపెట్టారు. పెళ్ళింట్లో వంటసామాను మొత్తం ఒకేసారి మెట్ల మీంచి దొర్లినట్టుంది. ముప్పావుగంట పంటి బిగువున కూర్చున్నాను. కారెక్కగానే అందుకున్నాను.

"ఏంట్రా ఇది? పాటెక్కడుంది?"

"పాట ఉండదక్కా."

"పోనీ తాళం?"

"అదీ ఉండదు."

"మరి ఏముంటుందిరా?"

వాడు సిగ్నల్ దగ్గర బండి ఆపాడు. "ఒకళ్ళు చెప్పేది ఒకళ్ళు వినడం ఉంటుంది."

"దానికి డ్రమ్ములెందుకూ? ఇంట్లో లవ్లీ చెప్పేది వింటే సరిపోతుంది," అన్నాను.

వాడు నవ్వాడు. నేనెన్ని అన్నా నవ్వడమే వాడికి తెలిసింది. ఆ రోజే వాళ్ళ ఒకే ఒక నియమం కూడా చెప్పాడు. ముందుగా మాట్లాడుకోరు, లెక్కపెట్టుకోరు, ఎక్కడ మొదలు ఎక్కడ చివర అని అనుకోరు. చప్పుడు ఆగిపోయినా సరే, ముగ్గురి చేతులూ వాయిద్యాల మీద ఉన్నంతసేపు సంగీతం బతికున్నట్టే. ఎవరో ఒకరు చెయ్యి ఎత్తేస్తే అయిపోయినట్టే. ఇక మిగతా ఇద్దరూ ఒక్క స్వరం కూడా కలపకూడదు, మళ్ళీ అందుకోకూడదు.

"బాగుంది సంబడం," అన్నాను నేను.

వాళ్ళ కెరీర్ అంటారా, అదీ చెబుతాను. సిటీలో ఒక కేఫ్‌లో నెలకొకసారి వాయించేవారు. ఏడుగురు వస్తే ఆ రోజు హాలు నిండినట్టు. ఒక లైబ్రరీలో పిలిచారు, పది నిమిషాలకి లైబ్రేరియన్ వచ్చి కాస్త మెల్లగా వాయించమంది. హ్యామిల్టన్‌లో వాయించినప్పుడు ఆల్విన్ ఆ ఊళ్ళోనే తనుండే రోటోటూనా నుంచి తండ్రిని చూడ్డానికి వచ్చాడు. వాడు కాక ఇంకో ముగ్గురు ఉన్నారట, అందులో ఇద్దరు వర్షానికి లోపలికి వచ్చినవాళ్ళు. "డాడ్, ఇట్ వాజ్ గుడ్," అన్నాడట పిల్లవాడు, తండ్రి మొహంలోకి చూడకుండా. దాసు ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పాడో. మా పాస్టర్ గారు ఒక ఆదివారం ప్రసంగంలో లోకంలో ఉన్న గోల గురించి చెబుతూ దాసు వంక చూసి కన్ను గీటారు. సంఘమంతా పడీ పడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. డోలక్ వెనకాల కూర్చుని వాడూ నవ్వాడు.

ఆదివారం డోలక్, గురువారం డ్రమ్స్. అదీ వాడి జీవితం. గోడౌన్‌లో నడుం విరిగేది, కానీ ఎప్పుడూ గురువారం మానలేదు. ఆర్నె ప్రతి గురువారం వాయించింది క్యాసెట్లలో ఎక్కించి, తారీఖు రాసి, గ్యారేజీలో గోడ పొడుగునా అరల్లో పెట్టేవాడు. ఎప్పటికైనా వాటిలోంచి మంచిది ఏరి రికార్డు వేద్దామని. మొదట్లో డబ్బు లేక, తర్వాత తీరిక లేక, తర్వాత ఇంకొంచెం బాగా వాయించాక అని, ఏదో ఒకటి.

2023 జనవరిలో వరద వచ్చింది. ఆక్లండ్ అంతా చూసిన వరదే. ఆర్నె గ్యారేజీలో నడుం లోతు నీళ్ళు. దాసు తడిసిన క్యాసెట్లు నాలుగు పెట్టెలు మా ఇంటికి తెచ్చి, పెరట్లో దుప్పటి పరిచి, వడియాలు పెట్టినట్టు ఒక్కొక్కటీ ఎండబెట్టాడు. మూడు రోజులు ఎండలో కూర్చుని తిప్పి తిప్పి పెట్టాడు. ఒక్కటీ పలకలేదు. అన్నింట్లోనూ బురద గీరుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పోనీలేరా, ఎవరు వినబోయారు," అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను. అప్పుడు మాత్రం వాడు నవ్వలేదు.

మరుసటి ఏడాది చలికాలానికి ఆర్నెకి దగ్గు పట్టుకుంది. నలభై ఏళ్ళు పడవల ఫైబర్‌గ్లాస్ దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు. నేను నర్సుని, ఆ దగ్గు విన్న రోజే నాకు అర్థమైపోయింది. డాక్టర్లు శాక్సఫోన్ ఊదొద్దన్నారు. సరిగ్గా అప్పుడే నార్వే నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఒక చిన్న రికార్డు కంపెనీ నడిపే ముసలాయన, కుర్రతనంలో ఆర్నె ఊదగా విన్నాడట. ట్రయోది శుభ్రంగా ఎక్కించిన ఒక కచేరీ, నలభై నిమిషాలు, పంపగలిగితే రికార్డుగా వేస్తానన్నాడు.

దాసు మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా, ఒక్క రికార్డు. మేం వాయించాం అని చెప్పడానికి ఒక్కటంటే ఒక్కటి. ఆర్నె ఇంకో ఏడాది ఉండడు."

"ఊదలేనివాడితో ఎలా ఎక్కిస్తార్రా?"

వాళ్ళు ప్లాన్ వేసుకున్నారట. ఇన్నేళ్ళలో మొదటిసారి వేసుకున్న ప్లాన్. ముందు దాసు, స్వెన్ ఇద్దరే ఇరవై నిమిషాలు నడుపుతారు. ఆర్నె శాక్సఫోన్ మీద చేతులు పెట్టుకుని ఊరికే కూర్చుంటాడు. తర్వాత ముగ్గురూ మౌనంగా ఆగుతారు, ఆర్నె ఊపిరి కూడగట్టుకునేదాకా, ఎంతసేపైనా సరే. అప్పుడు ఆర్నె ఎత్తుకుంటాడు. ఒక్కసారే ఊదగలడు, రెండోసారికి శక్తి ఉండదు.

పాపటోయిటోయిలో ఒక పాత కమ్యూనిటీ హాలు దొరికింది. రికార్డింగ్ చేసే అమ్మాయి వచ్చి చూసి, ఖాళీ హాల్లో చప్పుడు గోడలకి కొట్టుకుని తిరిగొస్తుంది, కుర్చీల్లో మనుషులు నిండుగా ఉండాలి అంది. పదిహేడేళ్ళలో ఏడుగురిని దాటని వాళ్ళకి నిండు హాలు ఎక్కణ్ణుంచి వస్తుంది? దాసు నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఆ రోజు అడిగాడు.

"మన సంఘాన్ని తీసుకురాగలవా అక్కా? ఏం చెయ్యక్కర్లేదు, కూర్చుంటే చాలు."

చూస్కోండి ఇక. నేను రంగంలోకి దిగాను. ఆదివారం ఆరాధన అవగానే అందరూ చర్చి నుంచి తిన్నగా హాలుకి రావాలని పేరుపేరునా చెప్పాను. వచ్చినవాళ్ళకి బిర్యానీ అన్నాను. "జ్ఞానమణి ఆంటీ చెప్పాక రాకపోతే బతకనిస్తుందా," అని కుర్రాళ్ళు గొణుక్కున్నారు. అరవై మంది వచ్చారు. హాలు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ అప్పగింతలు పెట్టాను. ఫోన్లు ఆపాలి. దగ్గకూడదు. పిల్లలకి చాక్లెట్ ముందే విప్పి నోట్లో పెట్టాలి. మధ్యలో చప్పట్లు కొట్టకూడదు. దాసు చెప్పినవన్నీ చెప్పాను, వాడు చెప్పనివి కూడా చెప్పాను. నోరు మూసుకుని కూర్చోమని అందరికీ చెప్పిన మనిషిని నేనే.

ముందు వరసలో నడిమధ్య కూర్చున్నాను.

మధ్యాహ్నం రెండున్నరకి మొదలైంది. స్వెన్ కమాను తీగ మీద పెట్టి మెల్లగా లాగాడు. దాసు వేళ్ళతో, పుల్లలు కూడా పట్టుకోకుండా, డ్రమ్ము మీద ఎక్కడో చివర తట్టాడు. మొదటి ఐదు నిమిషాలూ నేను సంఘాన్నే చూశాను, ఎవరైనా కదిలితే కళ్ళతోనే చంపేద్దామని. ఎవరూ కదల్లేదు. తర్వాత తమ్ముణ్ణి చూశాను. వాడు స్వెన్ చేతివంక చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. సైకిల్ క్యారేజీ దిగి, చాప మీద కూర్చుని, నాన్న నోటివంక చూసిన చూపు. స్వెన్ పరుగెత్తితే వీడు పరుగెత్తాడు, స్వెన్ తడబడితే వీడు కింద చెయ్యి పెట్టాడు. ఒకళ్ళు చెప్పేది ఒకళ్ళు వినడం అన్నాడే, అది నాకు అప్పుడు వినపడింది. పదిహేడేళ్ళు వెటకారం చేశాను. ఇది గోల కాదు, ఇది మా నాన్న పాటే, మాటలు తీసేసిన పాట. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

అప్పుడు ఆగింది.

స్వెన్ కమాను తీగ మీదే నిలిచిపోయింది. దాసు అరచేతులు రెండూ డ్రమ్ము మీద ఆనించి ఉన్నాయి. ఆర్నె తల వంచుకున్నాడు. హాలంతా నిశ్శబ్దం. అంత నిండైన నిశ్శబ్దం నేను చర్చిలో కూడా ఎరగను. దేవుడు వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నట్టనిపించింది. నా ఒంట్లో ఉన్న అరవై అయిదేళ్ళ అలవాటు ఒక్కసారి పైకి వచ్చింది.

"స్తోత్రం!" అన్నాను.

గొణగలేదు, గొంతు నిండా అన్నాను. వెనకాల అరవై మంది, గంట కిందటే ఆరాధనలోంచి లేచి వచ్చినవాళ్ళు, ఒక్క గొంతుతో "స్తోత్రం" అని లేచి నిలబడి తలలు వంచారు. దాసు చేతులు డ్రమ్ము మీంచి లేచాయి. వాడు ఎత్తలేదు, అవే లేచాయి. రొమ్ము దగ్గర జోడించుకున్నాయి. వాడి కళ్ళు మూతపడ్డాయి.

వాడు కళ్ళు తెరిచేసరికి స్వెన్ కమాను కిందికి దించేశాడు. ఆర్నె శాక్సఫోన్ ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు వాడి మొహం నేను చూశాను. ఇంకెవరూ చూడలేదు, అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎవరో "ఆమెన్" అన్నారు, ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, హాలు దద్దరిల్లిపోయింది. జీవితంలో వాళ్ళకి అన్ని చప్పట్లు పడింది ఆ ఒక్కసారే.

రికార్డింగ్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి మళ్ళీ మొదలుపెట్టమంది. ఆర్నె తల అడ్డంగా ఊపాడు. అయిపోయినదాన్ని అందుకోకూడదు. అప్పుడు దాసు వెళ్ళి ఆయన కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఏదో అడిగాడు. దాసు కోసం ఆర్నె ఒప్పుకున్నాడు. కొత్తది ఒకటి ఎత్తుకుందామన్నాడు. కూడగట్టుకున్న ఊపిరి అప్పటికే పోయింది, రెండు స్వరాలు ఊదాడు. మూడోదానికి దగ్గు వచ్చింది, ఇక ఆగలేదు. నేనే పరుగెత్తి వీపు నిమిరాను, నేనే అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. బిర్యానీ ఎవరు వడ్డించారో, ఎవరు తిన్నారో నాకు తెలీదు.

ఐదు వారాలకి ఆర్నె చనిపోయాడు. ఉన్న పందొమ్మిది నిమిషాలే స్వెన్ నార్వేకి పంపాడు. వాళ్ళు చాలా మర్యాదగా రెండే ముక్కలు రాశారు. శాక్సఫోన్ లేని ఆర్నె రికార్డుని వెయ్యలేం, క్షమించండి. స్వెన్ ఉద్యోగం మానేసి స్వీడన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆల్విన్ ఒక వ్యాన్ తెచ్చి డ్రమ్స్ రోటోటూనాకి తీసుకెళ్ళాడు, అక్కడ గ్యారేజీలో అట్టపెట్టెల కింద ఉన్నాయి. చర్చిలో డోలక్ కూడా మానేశాడు దాసు. భుజం నొప్పి అని చెప్పాడు. నేను నర్సుని, వాడి భుజానికి ఏమీ లేదు.

నేను వాడి ఇంటికి వెళ్ళి ఏడ్చాను. "నన్ను తిట్టరా, నీకు పుణ్యముంటుంది," అన్నాను.

"నువ్వేం చేశావక్కా," అన్నాడు. "చెయ్యి ఎత్తింది నేను."

అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఇంత నోరున్న నాకు అంత మెత్తని తమ్ముణ్ణి ఎందుకిచ్చాడో దేవుడు.

కిందటి నెల నాకు కంటి ఆపరేషన్ అయ్యింది, డ్రైవ్ చెయ్యకూడదు. ఆదివారం దాసు వచ్చి చర్చికి తీసుకెళ్ళాడు. మోటర్‌వే మీద బళ్ళు ఆగిపోయాయి. కారులో ఏదో మెల్లగా వినిపిస్తోంది. కాసేపటికి పోల్చుకున్నాను, అవే పందొమ్మిది నిమిషాలు. వాడు నేనున్న సంగతి మరిచిపోయి పెట్టాడో, రోజూ పెట్టుకునే అలవాటో. స్వెన్ పరుగెత్తడం, వీడు అందుకోవడం. తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, మైకు దగ్గర, ఒక మనిషి లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు. గరగరమంటూ, పొడుగ్గా. ఆర్నె. ఎత్తుకోబోతున్నాడు.

దాసు వేలు వెళ్ళి ఆపేసింది.

"ఎందుకాపావురా?"

"ఇంతే అక్కా. ఇక్కడికి అయిపోయింది."

"ఉంచు."

"వద్దక్కా."

నేనే చెయ్యి చాచి నొక్కాను. నా గొంతు వచ్చింది. "స్తోత్రం!" ఎంత సంతోషంగా అన్నానో. నా పెళ్ళినాడు కూడా నా గొంతులో అంత సంతోషం లేదు. ఆ వెనకాల అరవై మంది. వాళ్ళ కింద ఎక్కడో, విందామనుకుంటేనే వినపడేటంత చిన్నగా, ఆ పీల్చుకున్న గాలి ఉత్తినే బయటికి వచ్చేసిన చప్పుడు. ఇన్నాళ్ళూ వాడు రోజూ దీన్ని వింటున్నాడు. రోజూ నా గొంతు రాకముందే ఆపుతున్నాడు.

ముందు బళ్ళు కదిలాయి. దాసు కారు ముందుకి పోనిచ్చాడు.

చర్చిలో చివరి వరసలో కూర్చున్నాం. డోలక్ వాయించేవాళ్ళు లేక కీబోర్డులో తాళం పెట్టి పాడుతున్నారు. పాట అయిపోయింది. పాస్టర్ గారు కళ్ళు మూసుకోమన్నారు. సంఘమంతా "స్తోత్రం" అంది. నేను నోరు విప్పలేదు, కళ్ళూ మూసుకోలేదు. పక్కకి చూశాను. దాసు తల వంచుకుని ఉన్నాడు. చేతులు జోడించలేదు. అరచేతులు రెండూ ముందు బెంచీ చెక్క మీద ఆనించి, గట్టిగా అదిమి పెట్టి ఉంచాడు. ప్రార్థన అయ్యేదాకా అలాగే ఉంచాడు. అందరూ ఆమెన్ అని లేచి బయటికి వెళ్ళిపోయారు. వాడింకా తియ్యలేదు.